నమ్మనివాళ్ళు నమ్మకాల మీద పరిశోధన చేయగలరా?

మీరు అడిగింది ఇదీ: "నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఇంట్లో మాత్రం అందరూ భక్తులే. నమ్మకాల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. నమ్మనివాళ్ళు ఈ పని నిజాయితీగా చేయగలరా? ఫిలాసఫీ, సోషియాలజీ, ఎడ్యుకేషన్ వీటిలో ఎందులో చేరాలి?"

చేయగలరు. నేనూ మొక్కులు మొక్కే మనిషిని కాను. ఫీల్డ్‌వర్క్‌లో నేను తడబడింది భక్తి లేనందుకు కాదు, ప్రశ్న తప్పుగా వేసినందుకు.

2023 జూలైలో పీర్ల పండుగకు (మొహర్రం) నల్గొండ జిల్లాలో ఒక ఊరికి వెళ్ళాను. అక్కడ ముస్లింల ఇళ్ళు రెండే ఉన్నాయి. పీర్లను ఎత్తుకునేవాళ్ళు, గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్ళు దాదాపు అందరూ హిందువులే. నా చేతిలో నలభై ప్రశ్నల కాగితం. మొదటి ప్రశ్న, "పీరుకు మహిమ ఉందని మీరు ఎంతవరకు నమ్ముతారు?" కింద "పూర్తిగా" నుంచి "అసలు లేదు" దాకా ఐదు గడులు. పత్తి చేలో కలుపు తీసి, స్నానం చేసి, మలీద, ఊదు, పీరుకు కట్టే గుడ్డ దట్టీ పట్టుకుని వచ్చిన పెద్దావిడను అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసి, "నేను నమ్ముడేంది బిడ్డా? మా అత్త మొక్కింది, నేను తీరుస్తున్న" అంది.

ఏ గడిలో టిక్కు పెట్టను? పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తర్వాత అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పింది. కొడుక్కి మూడేళ్ళప్పుడు జ్వరం తగ్గకపోతే అత్త పీరుకు మొక్కుకుంది. ఏటా దట్టీ కడతానంది. అత్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో డ్రైవరు. మొక్కు ఆపేస్తే ఆ బాకీ వాడి మీద పడుతుందని ఆమె బెంగ. మహిమ ఉందా లేదా అన్న చర్చే ఆ మాటల్లో లేదు. ఉన్నదంతా అత్తకు ఇచ్చిన మాట, కొడుకు క్షేమం.

ఆ రాత్రి డైరీ రాస్తుంటే తట్టింది, మన తెలుగులోనే దీనికి రెండు మాటలున్నాయి కదా అని. "దేవుడున్నాడని నమ్ముతున్నాను" వేరు, "దేవుణ్ణే నమ్ముకున్నాను" వేరు. మొదటిది ఒక విషయం నిజమని ఒప్పుకోవడం. రెండోది ఆధారపడటం, భారం వేయడం. భూమిని నమ్ముకుని బతుకుతున్నాం అనే రైతు భూమి ఉందా లేదా అని ఆలోచించడు. నా కాగితం నమ్మడాన్ని కొలవాలని చూసింది, ఊరివాళ్ళు నమ్ముకోవడం గురించి మాట్లాడారు. ఇంగ్లీషులో తయారైన స్కేలును అనువదించుకుని తీసుకెళ్ళడంతో వచ్చిన చిక్కు ఇది. రోడ్నీ నీధమ్ అనే మానవశాస్త్రవేత్త 1972లోనే, 'బిలీఫ్' అనే మాటకు సరిసమానమైనది అన్ని భాషల్లోనూ ఉంటుందనుకోవద్దని వాదించాడు. ఎం.ఏ.లో అది చదివి పరీక్ష కూడా రాశాను. అర్థమైంది మాత్రం ఆ అరుగు మీదే.

నిజానికి నాకు ఇంకా ముందే తెలియాల్సింది. పరిశోధనలోకి రాకముందు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్‌ని. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం వచ్చింది. మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి బోర్డు మీద సూర్యుడు, చంద్రుడు, భూమి బొమ్మ తప్పు లేకుండా వేసింది. అదే అమ్మాయి, గర్భిణి అయిన వదినను ముందురోజు గదిలోంచి కదలనివ్వలేదని చెప్పింది. "నువ్వు నమ్ముతావా?" అన్నాను. "లేదు మేడమ్. కానీ బాబుకి ఏమన్నా అయితే, నువ్వే బయటికి రమ్మన్నావని నన్ను అంటారు." విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి భార్య సరస్వతి గారు గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూశారని, బిడ్డకు ఏమీ కాలేదని చెప్పాను. ఆ పిల్ల వెంటనే, "ఆవిడకు ఆయన తోడున్నారు కదా మేడమ్" అంది.

పాఠం ఆ పిల్ల బుర్రలోకి ఎక్కింది. నింద మోయాల్సి వస్తుందన్న టెన్షన్‌ను మాత్రం పాఠం తీసేయలేదు. మూఢనమ్మకానికి కారణం చదువు లేకపోవడమే అనేవాళ్ళతో అందుకే నేను ఏకీభవించను.

ఎవాన్స్-ప్రిచర్డ్ అనే మానవశాస్త్రవేత్త 1937లో దక్షిణ సూడాన్ అజాండే ప్రజల గురించి రాసినదీ దీనికి దగ్గరే. గాదె కూలి కింద కూర్చున్నవాళ్ళకు దెబ్బలు తగిలితే, స్తంభాలను చెదలు తిన్నాయని వాళ్ళకు తెలుసు. సరిగ్గా ఈ మనుషులు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది అన్నదానికే చేతబడి అంటారు. కారణం తెలియక కాదు, వాళ్ళు అడుగుతున్న ప్రశ్న వేరు.

ఇక డిపార్ట్‌మెంట్ సంగతి. ఒక నమ్మకం జ్ఞానం అనిపించుకోవడానికి ఏం కావాలన్నది మిమ్మల్ని తొలుస్తుంటే ఫిలాసఫీకి వెళ్ళండి. ప్రత్యక్షం (కళ్ళారా చూడటం లాంటిది), అనుమానం (గుర్తులను బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవాళ్ళ మాట) అని న్యాయ దర్శనం నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే మార్గాలు, చెప్పడం, చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే చాలనడం, అదో పెద్ద లోకం. బడిలో నేర్చినదీ ఇంట్లో నేర్చినదీ ఒకే తలలో ఎలా సర్దుకుంటాయో చూడాలంటే ఎడ్యుకేషన్. మనుషుల మధ్య కూర్చోవాలని ఉంటే సోషియాలజీ, ఆంత్రోపాలజీ. మీ ప్రశ్న చదివితే నాకు మూడోదే అనిపిస్తోంది. గైడు మాత్రం మిమ్మల్ని ఫీల్డ్‌లో ఎక్కువ రోజులు ఉండనిచ్చే మనిషై ఉండాలి.

నిజాయితీ గురించి అడిగారు. ఆ పెద్దావిడ గుప్పెడు ఊదు నా చేతిలో పెట్టినప్పుడు, "నేను మొక్కను అమ్మా" అని చెప్పేశాను. "మొక్కకున్నా ఏమైతది, ఎయ్యి" అంది. వేశాను. అలా చెప్పి వేశానన్న సంగతి థీసిస్‌లోనూ రాశాను. నటించొద్దు, దాచొద్దు. అంతకుమించి అక్కడ మిమ్మల్ని ఎవరూ అడగరు.

అప్లికేషన్ పెట్టేలోపు ఇంట్లోనే మొదలుపెట్టండి. అమ్మగారిని "దేవుణ్ణి నమ్ముతావా" అని అడక్కండి. తీర్చాల్సిన మొక్కులు ఏమైనా మిగిలున్నాయా, అవి ఎవరు ఎవరి కోసం మొక్కినవి అని అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఆవిడ మాటల్లోనే రాసుకోండి.