అన్న కట్టిన కథ, తమ్ముడు కట్టిన వేషం

గత సంచికలో ‘ద బ్రదర్స్ బ్లూమ్’ అనే అమెరికన్ హాస్యచిత్రాన్ని గురించి నాలుగు వాక్యాలు రాసి వదిలేశాను. దేశాలు తిరుగుతూ ధనికులకు టోపీలు పెట్టే ఇద్దరు అన్నదమ్ముల కథ అది. రయన్ జాన్సన్ రచించి దర్శకత్వం వహించగా 2008లో టొరంటో చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైంది. అన్న స్టీఫెన్‌గా మార్క్ రఫలో, తమ్ముడు బ్లూమ్‌గా ఏడ్రియన్ బ్రోడీ నటించారు. నాలుగు వాక్యాలు చాలవని పాఠకులు ఉత్తరాలతో తెలియజేశారు కనుక ఈ నెల శీర్షిక మొత్తం వారి ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మోసగాళ్ల కథలు ఇదివరకు ఎన్నో చూశాము. వాళ్లు అన్నదమ్ములు కావడం వల్ల ఈ కథకు అదనంగా ఒరిగినది ఏమిటి?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అంతా దాని వల్లనే ఒరిగిందని నా అభిప్రాయం. చిత్రం మొదలయ్యేసరికి స్టీఫెన్‌కు 13 ఏళ్లు, బ్లూమ్‌కు 10 ఏళ్లు. తల్లిదండ్రులు లేని ఈ పిల్లలను పెంచడానికి తీసుకున్న ఇళ్లన్నీ ఒకదాని తరువాత ఒకటి వాళ్లను వెనక్కి పంపేస్తాయి. అలా వాళ్లు చేరిన ఒక చిన్న ఊళ్లో ఒక సినిమా హాలు, ఒక పార్కు, ఒంటికాలి పిల్లి ఒకటి ఉంటాయి. తమ్ముడికి ఒక అమ్మాయితో మాట్లాడాలని ఉంటుంది గానీ నోరు పెగలదు. అది గమనించిన అన్న రాత్రికి రాత్రి కాగితం మీద ఒక పథకం గీస్తాడు. దాని ప్రకారం, అడవిలోని ఒక గుహలో మాయావెలుగు కనబడుతుందని చెప్పి బ్లూమ్ ఊళ్లోని పిల్లల దగ్గర డబ్బు పోగుచేయాలి. వెలుగు వెంట పరుగెత్తిన పిల్లలు తమ మంచి బట్టలను బురదపాలు చేసుకోవాలి, ఆ బట్టలు ఉతికే దుకాణంవాడు అన్నదమ్ములకు వాటా ఇవ్వాలి. ఇదంతా జరుగుతుంది కూడా. అయితే స్టీఫెన్ అసలు లెక్క డబ్బు కాదు. తమ్ముడు ఒక పాత్ర ధరిస్తే ఆ అమ్మాయితో ధైర్యంగా మాట్లాడగలడని అతడు ఊహించాడు, ఆ ఊహ నిజమైంది. బ్లూమ్‌కు అప్పటినుంచి వేషం లేకుండా బతకడం చేతకాకుండా పోయింది. ఇరవై ఐదేళ్ల తరువాత అతడు మాంటెనెగ్రోకు పారిపోయి, ఎవరూ రాయని బతుకు కావాలని మొరపెట్టుకోవడానికి కారణం ఆ గుహలోనే ఉంది. భాగస్వామి అయితే వాటా తెంచుకొని వెళ్లిపోవచ్చు. తనను తనకంటే బాగా ఎరిగిన అన్న నుండి ఎక్కడికి వెళ్లగలడు?

ప్రశ్న: ‘బ్లూమ్ సోదరులు’ అన్నప్పుడు బ్లూమ్ ఇంటిపేరు కావాలి కదా. మరి తమ్ముణ్ణి ఒక్కణ్ణే బ్లూమ్ అని పిలుస్తారేమి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అందరికంటే ముందు గమనించవలసిన చమత్కారాన్ని మీరు పట్టుకున్నారు. ఇంటిపేరు తప్ప తమ్ముడికి సొంత పేరంటూ లేదు. సొంతంగా రాసుకున్న జీవితం లేనివాడికి సొంత పేరు మాత్రం ఎందుకని దర్శకుడు అనుకొని ఉండవచ్చు. ఇంకొక పొర కూడా ఉంది. స్టీఫెన్, బ్లూమ్, వీళ్లు మోసగించబోయే ధనికురాలు పెనెలపీ – ఈ మూడు పేర్లనూ కలిపి చదివితే, ఇవే పేర్లతో ముడిపడి 1922లో వెలువడిన జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ గుర్తుకు వస్తుంది. వీళ్లు ఎక్కే ఓడ పేరు ‘ఫిడేల్’. హెర్మన్ మెల్విల్ 1857లో ప్రచురించిన ‘ద కాన్ఫిడెన్స్ మ్యాన్’ నవలలోని ఓడ పేరు కూడా అదే. ఆ కథ జరిగే రోజు ఏప్రిల్ 1 కావడం కాకతాళీయం కాదు.

నమ్మించి మోసం చేసేవాణ్ణి ఇంగ్లీషులో ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అంటారు; ఆ మాట పుట్టుక ఇంకా ముచ్చటైనది. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనే అతణ్ణి పోలీసులు పట్టుకున్నారు. మంచి దుస్తులు ధరించి, దారిన పోయే పెద్దమనుషులతో పాత పరిచయస్థుడిలా కబుర్లాడి, రేపటిదాకా మీ గడియారం నాకిచ్చే నమ్మకం మీకున్నదా అని అడగడమే అతడి విద్య. ఇచ్చినవాళ్లు ఉన్నారు! ఆ ‘నమ్మకం’ అనే మాటనే పత్రికలవాళ్లు అతడికి బిరుదుగా తగిలించారు. మన భాషలో బురిడీ కొట్టించడం, కుచ్చుటోపీ పెట్టడం, బుట్టలో వేయడం, పంగనామాలు పెట్టడం అని ఎన్ని పలుకుబళ్లున్నా, మోసపోయినవాడి నమ్మకమే మోసగాడి పెట్టుబడి అన్న సంగతి వాటిలో ‘నమ్మించి గొంతు కోయడం’ ఒక్కటే సూటిగా చెబుతుంది.

ప్రశ్న: ఇది ఏ కాలపు కథ? టోపీలూ కోట్లూ చూస్తే వందేళ్ల నాటిదిలా ఉంది, మధ్యలో ఖరీదైన స్పోర్ట్స్ కారు వచ్చింది.
— ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: మన కాలపు కథే. విమానాలు ఉన్న రోజుల్లో ఓడ ఎక్కి ఐరోపాకు వెళ్లడం స్టీఫెన్ సరదా. పాత మోసగాళ్ల కథలలాగే బతకాలని కోరుకునే మనిషి కనుక దుస్తులు కూడా వాటి నుండే తెచ్చుకున్నాడు.

ప్రశ్న: పెనెలపీ పాత్రను చూసి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. మోసపోయే మనిషికి అంత చలాకీతనం ఎందుకు?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: రేచెల్ వైజ్ నటించిన ఈ పాత్ర లేకపోతే చిత్రం సగం చప్పబడేది. న్యూజెర్సీలోని పెద్ద బంగళాలో ఒంటరిగా పెరిగిన ధనికురాలు ఆమె. బయటకు పోవడానికి వీలులేని బాల్యంలో పొద్దుపోక, పుస్తకాలలో చూసిన విద్యలన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంది. పుచ్చకాయను తొలిచి కెమెరాగా మారుస్తుంది, ఒంటిచక్రపు సైకిలు మీద తిరుగుతూ రంపాలు ఎగరేస్తుంది. తన కథను బ్లూమ్‌కు చెబుతూ పేకముక్కలను వేళ్ల మధ్య ఆడించే ఒక దృశ్యం ఉంది. మాట ఒకవైపు, చేయి ఒకవైపు పోతూ ఉంటే ఎక్కడా కత్తిరింపు లేకుండా కెమెరా ఆమెనే చూస్తుంది. మోసగాళ్ల భాషలో ఆమె ‘బకరా’, కానీ ఆమెకు మోసం కూడా నేర్చుకోదగిన మరొక విద్యలాగే కనబడుతుంది. ఎవరూ రాయకుండానే ఆనందంగా బతకగలిగే ఏకైక వ్యక్తి ఆమె. బ్లూమ్ ఆమెను ప్రేమించడానికి అందం ఒక్కటే కారణం కాదు.

ఇదే సందర్భంలో రింకో కికుచి పోషించిన బ్యాంగ్ బ్యాంగ్‌ను కూడా తలచుకోవాలి. పేలుడు పదార్థాలలో ఆరితేరిన ఈ జపాను యువతి దాదాపు మాటే మాట్లాడదు. ‘బాబెల్’ (2006)లో మాటలు లేని పాత్రతోనే ఆస్కార్ నామినేషన్ పొందిన నటికి మళ్లీ మౌనాన్నే ఇవ్వడం కొంత అన్యాయమే అయినా, ఆమె కనుబొమ ఎగరేస్తే పుట్టే నవ్వు మిగిలిన వాళ్ల సంభాషణలతో పుట్టదు.

ప్రశ్న: నిజజీవితంలో ఇటువంటి అన్నదమ్ములు ఉన్నారా? ప్రతిసారీ ఎవరో ఒకరు తుపాకీతో కాల్చినట్లు నటించడం అతిగా అనిపించింది.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: ఉన్నారండీ. 20వ శతాబ్ది ఆరంభంలో న్యూయార్క్‌లో చార్లీ, ఫ్రెడ్ గాండార్ఫ్ అనే సోదరులు గుర్రప్పందేల పేరుతో జనాన్ని ముంచారు. టెలిగ్రాఫ్ కార్యాలయంలో మన మనిషి ఉన్నాడు, ఫలితం ముందుగా మనకు తెలుస్తుంది, నువ్వు పందెం కాస్తే చాలు అని ఆశపెట్టేవారు. పందెం కాసే గది, గుమాస్తాలు, గెలిచి గంతులేసే తోటి జూదరులు అందరూ కిరాయి నటులే. ఆ తరం మోసగాళ్ల పరిభాషను లూయివిల్ విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రవేత్త డేవిడ్ మౌరర్ సేకరించి 1940లో గ్రంథంగా వెలువరించాడు.

తుపాకీ విషయం అతి కాదు, ఆ వృత్తిలో పాత పద్ధతి. డబ్బు పోగొట్టుకున్నవాడు పోలీసుల దగ్గరకు పోకుండా చూసుకోవడమే మోసంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం. అందుకని చివర ఇద్దరు మోసగాళ్లు తగవు పడినట్లు నటిస్తారు. ఒకడు ఉత్తుత్తి తూటా పేలుస్తాడు. రెండోవాడు నోట్లో దాచుకున్న కోడి రక్తపు తిత్తిని కొరికి నెత్తురు కక్కుతూ పడిపోతాడు. హత్యకు సాక్షినయ్యానని భయపడిన బకరా, డబ్బు మాట మరచి ఊరు వదిలి పారిపోతాడు. బెర్లిన్‌లో మనం చూసే మొదటి పెద్ద మోసం ఈ పద్ధతిలోనే ముగుస్తుంది. దానిని కేవలం హాస్యంగా చూసి వదిలేయకుండా గుర్తుంచుకోండి, తరువాతి జవాబులో దానితో పని ఉంది.

ప్రశ్న: మేము అన్నదమ్ములం కలిసి ఈ చిత్రం చూశాము. చివరికి స్టీఫెన్ తమ్ముణ్ణి కూడా మోసం చేశాడని నేనంటే, మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు. తీర్పు మీరే చెప్పాలి.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చిత్రం చూడనివారు ఇక్కడితో ఆగడం మంచిది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పాడుబడిన నాటకశాలలో స్టీఫెన్‌కు తూటా తగులుతుంది. బ్లూమ్ విలవిలలాడుతుంటే అతడు లేచి నవ్వి, ఇదీ నాటకమేనని నమ్మించి, తమ్ముణ్ణి పెనెలపీతో పంపించేస్తాడు. దారిలో బ్లూమ్ తన చొక్కా మీది నెత్తుటి మరకను చూస్తాడు. ఈ అన్నదమ్ములు కోడి రక్తానికి బదులు వాడే రంగునీళ్లు ఎర్రగానే ఉంటాయి, ఆ మరక మాత్రం ఎండి గోధుమరంగుకు తిరిగింది. జీవితమంతా చావును నటించినవాడు ఒక్కసారి నిజంగా చనిపోతూ, చావడం లేదని నటించాడు.

చిత్రం ఆఖరి మూడోవంతులో నడక తడబడిన మాట వాస్తవం. అప్పటిదాకా నవ్వించి ఒక్కసారిగా బరువు మోపడం చాలామందికి రుచించలేదు. సుమారు 2 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన చిత్రానికి 55 లక్షల డాలర్ల చిల్లర మాత్రమే వసూలైంది. అయినా ఆ మరక కోసం ఆ తడబాటును నేను మన్నిస్తాను. మీ ప్రశ్నకు వస్తే, స్టీఫెన్ తమ్ముణ్ణి మోసగించాడన్న మీ మాట నిజమే. కానీ నిజం చెప్పి ఉంటే బ్లూమ్ ఆ నాటకశాల విడిచి కదిలేవాడు కాదు. అందుచేత తీర్పు మీ అన్నయ్య పక్షానే ఇస్తున్నాను. నేను కూడా ఇంటికి పెద్దవాణ్ణే కనుక, కావాలంటే మీరు పై కోర్టుకు వెళ్లవచ్చు.