నెట్ తరచూ పోయే ఊళ్లో 16 జీబీ లాప్‌టాప్ మీద కోడింగ్ ఏఐ నడుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర ఊరు, ఇంటి నుంచే ఉద్యోగం, గ్రాఫిక్స్ కార్డు లేని 16 జీబీ లాప్‌టాప్. గాలొచ్చినా వానొచ్చినా నెట్ పోతోంది కాబట్టి ఏఐని లాప్‌టాప్‌లోనే పెట్టేసుకుంటే పనవుతుందా అని. అవుతుందండీ. కాకపోతే దేనికి అవుతుందో ముందే తేల్చుకోవాలి. రాస్తున్న లైను పూర్తి చేయడం, ఓ ఫంక్షన్ రాయించుకోవడం, ఎర్రర్ చూపించి కారణం అడగడం, ఒక ఫైలుకి టెస్టులు రాయించడం, ఇంతవరకు బాగానే సరిపోతుంది. ప్రాజెక్టు మొత్తం చదివి తనంతట తాను పది ఫైళ్లు మార్చే ఏజెంట్ పని దీనివల్ల కాదు. దానికి నెట్ వచ్చాక క్లౌడే వాడండి.

అందరూ ప్రాసెసర్ ఏ జెనరేషన్ అని చూస్తారు గానీ ఇక్కడ వేగాన్ని తేల్చేది ర్యామ్. ఒక్కో టోకెన్ (మాట ముక్క) రాయడానికి మోడల్ వెయిట్లన్నిటినీ, అంటే పారామీటర్లనే అంకెలన్నిటినీ, ర్యామ్ నుంచి ఒకసారి చదవాలి. క్వెన్ 2.5 కోడర్ 7బీ (అలాంటి అంకెలు ఏడు బిలియన్లకు పైగా) మోడల్‌ని నాలుగు బిట్లకు కుదిస్తే 4.7 జీబీ వస్తుంది. డీడీఆర్4-3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ మించి చదవలేదు, అంటే ఎంత బాగా నడిచినా సెకనుకు ఐదు టోకెన్లు. రెండు స్టిక్కులు రెండు ఛానెళ్లలో ఉంటే 51.2 జీబీ, సుమారు పదకొండు టోకెన్లు. చేతికొచ్చేది ఇంకా తక్కువే ఉంటుంది. ఆ తేడా పనిలో బాగా తెలుస్తుంది.

అందుకే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కింద ‘స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2’ అని ఉంటే మీకు అదృష్టమే, రెండో స్టిక్ వేయించండి. ఉన్నదాని సైజుదే, అదే స్పీడుది తీసుకోండి. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 దూరదు, కొనేముందు సరిచూసుకోండి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ దారి లేదు. ధర మాత్రం ముందులా లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ లాగేసుకోవడంతో 2025 చివర్లో రేట్లు ఎగిశాయి. ఆ డిసెంబరులోనే మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. రాజమండ్రిలోనో కాకినాడలోనో వాడిన డీడీఆర్4 స్టిక్ దొరికితే తప్పేం లేదు, ఓ రాత్రంతా ర్యామ్ తప్పులు పట్టే మెమ్‌టెస్ట్ పెట్టి చూసుకోండి.

ఇక పెట్టుకోవడం. మోడళ్లను లాప్‌టాప్‌లోనే నడిపే ఓలామా ఇన్‌స్టాల్ చేసి రెండు మోడళ్లు దించండి. ప్రశ్నలకు పైన చెప్పిన 7బీ, టైపు చేస్తుంటే లైను పూర్తి చేయడానికి అదే కుటుంబంలో 1.5బీ, అదీ ‘బేస్’ అని ఉన్నది. ఇది 1 జీబీ లోపే. వీఎస్ కోడ్‌లో కంటిన్యూ ఎక్స్‌టెన్షన్ వేసి చాట్‌కి ఒకటి, ఆటోకంప్లీట్‌కి ఇంకొకటి చూపించండి. మధ్యలో నెట్ పోయినా డౌన్‌లోడ్ ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. ఐదు నిమిషాలు వాడకపోతే ఓలామా మోడల్‌ని ర్యామ్ నుంచి దించేస్తుంది, తర్వాతి ప్రశ్నకి ఆలస్యం అందుకే. ఎంతసేపు ఉంచాలో చెప్పే కీప్ ఎలైవ్ విలువ పెంచుకుంటే సరి.

కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి దృష్టిలో పెట్టుకునే టోకెన్ల సంఖ్య, 8192 దగ్గర ఆపండి. ఈ 7బీకి దానికయ్యే ర్యామ్ అర జీబీ లోపే. 32 వేలకు పెంచితే పావు తక్కువ రెండు జీబీ. క్రోమ్‌లో ముప్పై ట్యాబులు, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కూడా తెరిచి ఉంటే ర్యామ్ నిండి డిస్కు మీదికి పోతుంది, అప్పుడు మెషీనే బిగుసుకుపోతుంది. డిస్క్ గ్రాఫు వంద దగ్గర నిలబడిందంటే అదే కారణం. ఇంకోటి, పొడవాటి ఫైలు మొత్తం అతికిస్తే జవాబు మొదలయ్యేలోపే నిమిషాలు పడుతుంది. అవసరమైన ఫంక్షన్, ఎర్రర్ మాత్రమే ఇవ్వండి.

‘డీప్‌సీక్ ఆర్1 మీ లాప్‌టాప్‌లో’ అనే వీడియోలు చూసి మోసపోకండి. 2025 జనవరిలో వచ్చిన అసలు ఆర్1 671 బిలియన్ల పారామీటర్లది. లాప్‌టాప్‌లోకి దిగే 7బీ, ఆ అసలు ఆర్1 జవాబులతో శిక్షణ ఇచ్చిన క్వెన్ మోడల్. పైగా జవాబుకి ముందు రెండు వేల టోకెన్లు ఆలోచించిందంటే సెకనుకు ఎనిమిది చొప్పున నాలుగు నిమిషాలు దాటుతుంది.

ప్రశ్న ఇంగ్లిష్‌లో అడగండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, రాతను టోకెన్లుగా కోసే టోకెనైజర్లు చాలావరకు మన మాటను తుక్కుతుక్కు చేస్తాయి. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన తెలుగు ఉదాహరణకు పాత టోకెనైజర్‌లో 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. చిన్న మోడళ్లు చేసేవాళ్లు కూడా ఈ లోపం సరిదిద్దాలి, మన భాషలో అడిగినందుకు ఎక్కువసేపు ఎదురుచూడాల్సి రావడం అన్యాయం.

ఇంతకీ పోయేది నెట్టా, రూటరుకి కరెంటా? ఫైబర్ డబ్బా మీద ‘లాస్’ లైటు ఎర్రగా వెలిగితే తీగ తెగినట్టు, ఆపరేటరు రావాల్సిందే. లైట్లన్నీ ఆరిపోతే కరెంటే. అలాంటప్పుడు 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి చాలు. అడాప్టర్ మీద ఆంపియర్లు చూసి అంతకు తగ్గనిది కొనండి, ఫైబర్ డబ్బా వేరు, రూటరు వేరు అయితే రెండూ దాని మీదే ఉండాలి. చాలా ఇళ్లలో సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

బ్యాటరీ మీద లాప్‌టాప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఇన్వర్టర్ ప్లగ్గుకి పెట్టి పవర్ మోడ్ ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’లో ఉంచండి. మే నెల ఉక్కలో మొదటి నిమిషం జోరుగా రాసి తర్వాత నీరసపడితే వేడెక్కినట్టే, ఫ్యాన్ దుమ్ము తీయించండి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే ప్రాజెక్టుని నెట్ ఉండగా ఒకసారి పూర్తిగా బిల్డ్ చేయండి. గ్రేడిల్ ఆఫ్‌లైన్ మోడ్ అయినా, ఎన్‌పీఎం క్యాష్ అయినా అంతకుముందు దించుకున్న లైబ్రరీలతోనే నడుస్తాయి. కొత్త బ్రాంచి మీద లైబ్రరీ కొత్త వెర్షన్ ఉంటే ఆ బ్రాంచి కూడా బిల్డ్ చేసి ఉంచుకోండి. నెట్ లేకుండా చదువుకునే జీల్ యాప్‌లో మీ ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ కూడా దించేసుకోండి, లేని ఫంక్షన్ పేరుని 7బీ ధీమాగా చెప్పినప్పుడు సరిచూసుకునేది అందులోనే.