పీల్ చేయించుకున్నాక మంగు ఎందుకు ముదిరింది?

ప్రశ్న: నా వయసు 38. రెండు చెంపల మీదా మంగు ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ ఏడాదిగా రాస్తున్నాను, మానేస్తే ముఖం కందిపోతోంది. పార్లర్‌లో మూడుసార్లు పీల్ (ఆమ్లం రాసి చర్మం పై పొరను ఊడదీయడం) చేయించుకుంటే మొదట తేలికపడి, తర్వాత మునుపటికంటే నల్లబడింది. క్లినిక్‌లో మళ్ళీ చేయించుకోవచ్చా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: చేయించుకోవచ్చు, కానీ ఇప్పుడే కాదు. ముందు ఆ ట్యూబు మీద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్ వీటిలో ఏది కనిపించినా అది స్టిరాయిడ్. వారాల లెక్కన వాడి ఆపాల్సిన మందును ఏడాది రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి తేలుతాయి, మానగానే ముఖం కందుతుంది. మీరు రాసిన లక్షణాన్ని బట్టి చూస్తే ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. పలచబడ్డ చర్మం మీద పీల్ వేస్తే ఆమ్లం అనుకున్నదానికంటే లోతుకు దిగుతుంది. కాబట్టి చర్మవైద్యుల పర్యవేక్షణలో ముందు ఆ క్రీమ్ వదిలించుకోండి. దీనికి కొన్ని నెలలు పట్టినా తొందరపడకండి.

ఇక నల్లబడటం సంగతి. మంగు అంటే పైన పట్టిన మురికి కాదు, రంగు తయారుచేసే కణాలు అతిగా పనిచేయడం. పీల్ తీసేది అప్పటికే తయారైన రంగునే, తయారీని ఆపదు. పైగా మన చామనఛాయ చర్మానికి ఏ దెబ్బ తగిలినా నల్లటి మచ్చ మిగులుతుంది. చర్మం కమిలేలా వేసిన పీల్ కూడా దెబ్బే.

అందుకే పీల్‌కు ముందు 2 నుంచి 4 వారాలు డాక్టరు రాసిన క్రీమ్‌తో చర్మాన్ని సిద్ధం చేస్తారు. అందులో రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం మందు) ఉంటే కొన్ని రోజుల ముందు ఆపిస్తారు. పీల్ వేసే వారంలో బ్లీచ్, త్రెడింగ్, వ్యాక్సింగ్, స్క్రబ్ ఏవీ వద్దు. పెళ్ళి ముందు ఫేషియల్, బ్లీచ్, పీల్ అన్నీ ఒక్క వారంలో ముగించాలని చూసేవాళ్ళే ఎక్కువగా మచ్చలు తెచ్చుకుంటారు.

పీల్ రోజున ముఖం మీది జిడ్డు తుడిచి, కళ్ళ మూలలకు, ముక్కు పక్కలకు, పెదవుల చివర్లకు వ్యాజలీన్ రాస్తారు. అక్కడ ద్రవం నిలిస్తే పుండు పడుతుంది. గ్లైకోలిక్ ఆమ్లం అయితే 20 నుంచి 35 శాతంతో, ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి. తొలిసారే 70 శాతం వేస్తామనే చోట ఆగకండి. సమయం అవగానే సోడా బైకార్బొనేట్ ద్రావణం రాస్తారు, నురగ రావడం ఆగితే ఆమ్లం విరిగినట్టే. ఈలోపు ఎక్కడైనా తెల్లబడినా, బాగా కందినా గడియారం చూడకుండా వెంటనే విరిచేయాలి. సాలిసిలిక్ పీల్ లెక్క వేరు: ముఖం మీద తెల్లటి పొడిలా తేలేది మందు గడ్డకట్టడమే, దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. అది మొటిమలకు బాగా పనికొస్తుంది, గర్భిణులకు మాత్రం వేయరు. ఏ పీల్ అయినా రెండు మూడు వారాల ఎడంతో 4 నుంచి 6 సార్లు అవసరమవుతుంది. తర్వాత లేచే పొలుసుల్ని గోటితో లాగకండి.

సన్‌స్క్రీన్ లేని పీల్ డబ్బు దండగ. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకుని, మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మంగుకు ఐరన్ ఆక్సైడ్ ఉన్న, లేత రంగు కలిపిన రకమే మేలు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. అవి మంగును పెంచుతాయి, పైగా మంగుకిచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలతో కలిస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వయసు 26. మొటిమలు తగ్గాయి, గుంటలు మిగిలాయి. ఆన్‌లైన్‌లో కొన్న డెర్మా రోలర్ వాడుతున్నా మార్పు లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇంటి రోలర్ సూది సాధారణంగా అర మిల్లీమీటరు. గుంటలు సరిచేయాలంటే క్లినిక్‌లో 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల లోతుకు వెళ్ళాలి. శుభ్రం చేయని రోలర్‌తో ఇన్ఫెక్షన్ కూడా తెచ్చుకుంటారు, పక్కన పడేయండి.

అద్దం ముందు పక్కనుంచి వెలుతురు పడేలా నిలబడి చూసుకోండి. అన్ని గుంటలూ ఒకటి కావు. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని పొడిచే చికిత్స) పెద్దగా పనిచేయదు. వాటిలో గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కలా పెడతారు, ఇది ఇంట్లో చేసే పని కాదు. అలల్లా సొట్టపడ్డ చోట చర్మాన్ని లోపలి పోగులు కిందికి లాగి పట్టి ఉంచుతాయి, వాటిని సూదితో తెంపాలి. దాన్నే సబ్‌సిషన్ అంటారు. వారం పది రోజులు కమిలిన గుర్తు ఉంటుంది. అంచులు స్పష్టంగా కనిపించే వెడల్పు గుంటలకు మైక్రోనీడ్లింగ్, 4 నుంచి 6 వారాల ఎడంతో నాలుగైదు సార్లు. అందరికీ ఒకే ప్యాకేజీ అమ్మేవాళ్ళు మీ గుంటలు సరిగా చూడలేదన్నమాట. కొత్త మొటిమలు పూర్తిగా ఆగాకే ఏదైనా.

ప్రశ్న: గడ్డం మీద వెంట్రుకలకు లేజర్ శాశ్వతమేనా?
– ఒక ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: బాగా తగ్గుతాయి, పూర్తిగా పోతాయని హామీ లేదు. తెల్ల వెంట్రుకలకు పనిచేయదు. నెలసరి సక్రమంగా రాకపోతే ముందు పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్ష చేయించండి, లేకుంటే మళ్ళీ మొలుస్తూనే ఉంటాయి. నాలుగు వారాల ముందు నుంచే త్రెడింగ్, ప్లకింగ్ మానాలి, ఎందుకంటే లేజర్‌కు కుదురు కావాలి. షేవింగ్ చేసుకోవచ్చు. ముదురు ఛాయ అయితే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం లేజర్ ఉందా అని అడగండి, చెవి ముందు చిన్న చోట పరీక్షించి చూశాకే మిగతా ముఖానికి ఒప్పుకోండి.