టీజే సీటు గురించి మా అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు బొమ్మలూ చూశాను. ఒకటి టీజే, అంటే వర్జీనియాలో పిల్లల్ని ఏరి చేర్చుకునే ప్రభుత్వ సైన్స్ స్కూలు థామస్ జెఫర్సన్ హైస్కూల్, ర్యాంకు పడిపోతున్న గీత. రెండోది అక్కడ ఏ జాతి పిల్లలు ఎంతమంది ఉన్నారో చూపే రంగుల చక్రం. కింద నీ ప్రశ్న: "టీజే మునుపటిలా లేదంటున్నారు పెదనాన్నా, బాబును ఇప్పట్నుంచే కోచింగ్‌లో వెయ్యాలా? ఆష్‌బర్న్ నుంచి హెర్న్‌డన్ వైపు ఇల్లు మారాలా?" ఇది ఫోన్లో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ర్యాంకు సంగతి. యూఎస్ న్యూస్ పత్రిక ఏటా వేసే అమెరికా హైస్కూళ్ళ జాబితాలో 2022లో 1వ స్థానం, 2023లో 5, 2024లో 14. నిజమే. ప్రవేశ పరీక్ష ఎత్తేసినందుకే స్కూలు చెడిందని చాలామంది అప్పుడే తీర్పు చెప్పేశారు. కానీ 2024 జాబితాకు వాడిన ఏపీ పరీక్షల (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాల మీద పెట్టే పరీక్షల) మార్కులు 2021-22లో పన్నెండో తరగతిలో ఉన్నవాళ్ళవి. వాళ్ళంతా పాత పరీక్ష రాసి చేరినవాళ్ళే. కొత్త పద్ధతిలో వచ్చిన మొదటి బ్యాచ్ ఆ ఏడు ఇంకా తొమ్మిదో తరగతి. ఎవరైనా నీకు అంకె చూపిస్తే, అది ఏ ఏటి పిల్లలదో ముందు అడుగు.

దేశవ్యాప్తంగా పెట్టే పీఎస్ఏటీ పరీక్షలో పైమార్కులు తెచ్చుకునే నేషనల్ మెరిట్ సెమీఫైనలిస్టులు మాత్రం ఆ కొత్త బ్యాచ్‌లో అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గారు. దాన్ని దాచను. అయితే అది ఒకే పరీక్షలో ఒక కటాఫ్ దాటినవాళ్ళ లెక్క. పరీక్షలు బాగా రాసే పిల్లల్నే ఏరి తెచ్చుకుంటే ఆ లెక్క పెరుగుతుంది, ఇంకోలా ఏరితే తగ్గుతుంది. ఆ తలుపులోంచి ఎవరు లోపలికి వచ్చారో ఆ అంకె చెబుతుంది. లోపల నాలుగేళ్ళు ఏం నేర్చుకున్నారో దాన్ని చూసి చెప్పలేం. నీ కొడుక్కి అక్కడ ఏమవుతుందన్నది అసలే చెప్పలేం.

ఇక ఆ రంగుల చక్రం. దీని గురించి మనవాళ్ళ విందుల్లో నేను విన్న మాటలు నాకు బాధ కలిగించాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2020 చివర్లో స్కూల్ బోర్డు పరీక్ష తీసేసింది. సీట్లు 550 చేశారు. ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూల్‌కూ దాని ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మందికి సరిపడా సీట్లు కేటాయించారు. దరఖాస్తుకు కావలసిన కనీస జీపీఏ (4కు లెక్కగట్టే మార్కుల సగటు) 3.0 నుంచి 3.5కు పెంచారు. దరఖాస్తు దిద్దేవాళ్ళకు పిల్లల పేరు, జాతి తెలియవు, నంబరే కనిపిస్తుంది. దాంతో ఏషియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు దిగింది. కోర్టుకు వెళ్ళారు. జిల్లా జడ్జి 2022లో బోర్డుకు వ్యతిరేకంగా, అప్పీల్ కోర్టు 2023లో అనుకూలంగా తీర్పిచ్చాయి. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు.

అప్పీల్ కోర్టు తీర్పులో ఒక వాక్యం నా మనసులో నాటుకుపోయింది. తక్కువ ఆదాయం ఉన్న ఏషియన్ కుటుంబాల నుంచి సీటు వచ్చిన పిల్లలు 2020లో ఒక్కరు. కొత్త పద్ధతి వచ్చిన ఏడు 51 మంది. ఆ ఒక్కరు ఎవరో ఏమో కానీ, మిగతా యాభై మంది అంతకు ముందు ఎక్కడున్నారమ్మా? ఈ కౌంటీల్లోనే ఉన్నారు. మన కిరాణా కొట్లలో కౌంటర్ దగ్గర నిలబడే వాళ్ళ పిల్లలు, రెస్టారెంట్ వంటింట్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. మన ఊళ్ళో నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకని పెట్టినప్పుడు మన ఇంట్లో ఎవరూ తప్పు పట్టలేదు. అది గుర్తుంచుకో. "మన సీట్లు వాళ్ళు పట్టుకుపోయారు" అన్న మాట భోజనాల దగ్గర బాబు చెవిన పడనివ్వకు. రేపు ల్యాబ్‌లో వాడి పక్కన కూర్చునేది ఆ పిల్లలే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మీ అన్నయ్యను ఏడో తరగతిలో ఒక కోచింగ్ సెంటర్లో వేశాను. వారానికి రెండు సాయంత్రాలు, శనివారం పొద్దంతా. వాడికి అప్పట్లో పాత రేడియోలు విప్పే పిచ్చి. మూడో నెలకల్లా ఆ స్క్రూల డబ్బా మంచం కిందకు చేరింది, దాని మీద దుమ్ము నేనే చూశాను. సీటు వచ్చింది. మొదటి క్వార్టర్‌లో లెక్కల్లో సీ గ్రేడు తెచ్చుకుని గదిలోంచి బయటికి రాలేదు. కారణం తెలివి తక్కువై కాదు. అప్పటిదాకా ఎవరో ముందే చేసి చూపించిన లెక్కలే చేశాడు, చేతకాని లెక్క ముందు అరగంట కూర్చోవడం వాడికి అలవాటు లేదు. వాణ్ణి నిలబెట్టింది బుధ, శుక్రవారాల్లో ఎనిమిదో పీరియడ్. ఆ పీరియడ్ క్లబ్బులకు వదిలేస్తారు. రోబోటిక్స్‌లో దూరాడు, మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టాడు. మీ చెల్లికి సీటు రాలేదు. ఇంటి అడ్రసును బట్టి వచ్చే మామూలు హైస్కూల్లోనే ఏపీ క్లాసులు చదువుకుని తనకు కావలసిన దారిలోనే వెళ్ళింది.

అందుకని, ఇల్లు మారకు. సీట్లలో ఎక్కువ భాగం స్కూల్ వారీగా పంచుతున్నప్పుడు, టీజే కోసమే కిక్కిరిసిన మిడిల్ స్కూల్లోకి డబ్బు పోసి వెళ్ళడంలో అర్థం లేదు. ఎనిమిదో తరగతికల్లా ఆల్జీబ్రా 1 ఉండాలి. అది వాడి స్కూల్లోనే దొరుకుతుంది, బలంగా చదవనివ్వు. ఏడో తరగతి మార్కులు జీపీఏలోకి వస్తాయి కాబట్టి ఏ సబ్జెక్టూ వదలొద్దు. వ్యాసాలు వాళ్ళ ఎదుట కూర్చుని సొంతంగా రాయాలి. దానికి నా ఉపాయం ఒక్కటే: ఆదివారం ఆదివారం వాడు ఆ వారం చెడగొట్టిందో బాగుచేసిందో ఒకటి, ఏం చేస్తే ఏమైందో, అరపేజీ రాయించు. నువ్వు దిద్దొద్దు. చదివి, "ఆ తర్వాత ఏమైంది?" అని మాత్రం అడుగు. లీస్‌బర్గ్‌లో అకాడెమీస్ ఆఫ్ లౌడన్‌కు, అంటే మీ కౌంటీ సొంత సైన్స్, టెక్నాలజీ స్కూలుకు కూడా దరఖాస్తు పెట్టించు. ఇంటికి దగ్గర, మంచి చోటు.

ఇంకొక్కటి. మేం స్టెర్లింగ్‌లో ఉన్నప్పుడు మీ అన్నయ్య చలికాలంలో చీకట్లోనే బస్సెక్కేవాడు, కిటికీకి తల ఆనించి మళ్ళీ నిద్రపోయేవాడు. ఆష్‌బర్న్ ఇంకా దూరం. ఈ జనవరిలో ఒక సోమవారం ట్రాఫిక్ టైములో బాబును కార్లో ఎక్కించుకుని ఆ స్కూల్ గేటు దాకా వెళ్ళి రా. దారిలో నువ్వేం మాట్లాడకు. తిరిగి వచ్చాక వాణ్ణే అడిగి, ఏమన్నాడో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న