పాతిక వేల హర్డీ గర్డీ కొనొచ్చా మాస్టారూ?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. యూట్యూబ్‌లో హర్డీ గర్డీ (పిడి తిప్పి వాయించే యూరప్ తీగ వాద్యం) విన్నప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఆన్‌లైన్‌లో పాతిక వేలకు ఒకటి చూశాను. సంగీతం రాదు, నేర్పేవాళ్లూ లేరు. కొనొచ్చా మాస్టారూ?

జవాబు: అది కొనొద్దమ్మా. ఆరేళ్ల కిందట నేనూ అలాంటిదే తెప్పించాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. పిడి తిప్పితే చక్రం ఒకచోట తీగను గట్టిగా ఒరుసుకునేది, ఇంకోచోట అంటీ అంటనట్టు పోయేది. నలభై ఏళ్లు ఫిడేలు పట్టిన చేయి కదా, ఎందుకు పలకదని నెలన్నర కుస్తీ పట్టాను. చివరికి కర్నూలు పాతబస్తీలో ఒక వడ్రంగి చూసి, చక్రమే గుండ్రంగా లేదన్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద అన్యాయం. వాద్యంలో ఉన్న లోపాన్ని తమ లోపమనుకుని వదిలేస్తారు.

ఫిడేలుకు కమాను ఎలాగో దీనికి చక్రం అలాగ. ఎడమచేత్తో మెట్టు నొక్కితే లోపలి చెక్కముక్క తీగను తాకి స్వరం మారుతుంది. వదిలితే మెట్టు తన బరువుకే వెనక్కి జారుతుంది. పక్కన శ్రుతి తీగలు తంబురాలా మోగుతూనే ఉంటాయి. మంచి వాద్యం వెయ్యి యూరోలకు పైమాటే. అంత పెట్టలేకపోతే నెదర్లాండ్స్ నుంచి వచ్చే నెర్డీ గర్డీ కిట్టు చూడు. ముక్కలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. కస్టమ్స్ సుంకం వేరే పడుతుంది, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకో.

ఇక అసలు విద్య దూదిలో ఉంది. చక్రం తాకే చోట ప్రతి తీగకూ దూది చుట్టాలి. లేకపోతే కీచుమంటుంది, ఎక్కువైతే గొంతు పూడుకుపోతుంది. పొడుగు పోగుల దూది కావాలి, మెడికల్ షాపు దూది పనికిరాదు. నాకు ఆదోని నుంచి ఒక మిత్రుడు గుప్పెడు పత్తి తెచ్చిచ్చాడు, గింజలు నేనే తీశాను. అవతలి వేళ్లు కనిపించేంత పలచగా లాగి, తీగకు ఆనించి, చక్రాన్ని మెల్లగా తిప్పితే పోగు దానంతటదే చుట్టుకుంటుంది. మొదటిసారి సరిగ్గా చుట్టుకుని స్వరం తేటగా వచ్చిన రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చక్రానికి ఫిడేలు కమానుకు రాసే రోజన్ అనే గట్టి బంక కొద్దిగా, అద్దీ అద్దనట్టు పట్టించు. మన మే నెల ఎండకు అది జిగురెక్కుతుంది. వాద్యాన్ని కిటికీ దగ్గరా, కూలర్ గాలికీ పెట్టకు.

సంగీతం రాదని టెన్షన్ పడకు. మీ ఇంట్లో రాట్నం తిప్పే చేయి ఉంటే దాని పక్కన కూర్చుని చూడు. వేగం ఒక్కసారి తేడా వస్తే పోగు తెగుతుంది. ఇక్కడా కుడిచేతికి ఆ నిలకడే కావాలి. మొదటి పదిహేను రోజులు మెట్ల జోలికి పోకుండా శ్రుతి తీగలే మోగించు. తరువాతే స్వరాలు.

నువ్వు విన్న వీడియోలో 'గుర్‌ గుర్‌'మని తాళం వేసే శబ్దం విన్నావు కదా, అది ఒక తీగ కింద వదులుగా ఉండే బ్రిడ్జిది, అంటే తీగను మోసే చెక్కముక్కది. ఫ్రెంచివాళ్లు దాన్ని 'కుక్క' అంటారు. తిప్పేటప్పుడు మణికట్టుతో చిన్న కుదుపు ఇస్తే అది పలకను కొట్టి అరుస్తుంది. ఒక చుట్టులో నాలుగు కుదుపులు సమంగా రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

తోడి లాంటి రాగం మాత్రం దీని మీద ఆశించకు. మెట్లు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి స్వరాన్ని ఊపి పలికించే మన గమకం పలకదు. జానపదాలు హాయిగా పలుకుతాయి. నేనూ ఆన్‌లైన్ పాఠాలతోనే నేర్చుకున్నాను. నువ్వు ఏది కొనదలచినా, డబ్బు కట్టకముందే చక్రం మెల్లగా తిరిగే వీడియో అడిగి తీసుకుని నాకు పంపు. చూసి చెబుతాను.