ముందు ఫిజియోథెరపీ పట్టా, ఆపైన పిలాటెస్

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసింది. వాళ్ల నాయనమ్మకు నడుంనొప్పికి ఫిజియోథెరపీ చేయించినప్పటి నుంచి ఆ రంగం మీద మనసు పడింది. అయితే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అన్నేళ్లు చదవడం కన్నా బెంగళూరులో పిలాటెస్ అనే వ్యాయామ పద్ధతిలో కొన్ని వారాల ట్రైనర్ కోర్సు చేసి త్వరగా సంపాదనలో పడతానంటోంది. ఏది మేలు?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ అమ్మాయి మనసుపడిన ఈ రెండు చదువుల మధ్య పోటీ లేదు గానీ, ఒక వరుస ఉంది. నొప్పితో వచ్చిన మనిషిని మళ్లీ మామూలుగా నడిపించాలన్నదే ఆమె కోరిక అయితే, ముందు బీపీటీ పూర్తిచేసి, ఆ తర్వాత పిలాటెస్ నేర్చుకోవాలన్నది నా స్పష్టమైన సలహా.

జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటెస్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో నిర్బంధంలో ఉంటూ తన వ్యాయామ పద్ధతికి మెరుగులు దిద్దుకుని, 1920లలో న్యూయార్క్ చేరి దానిని నేర్పారు. శ్వాసను కదలికతో జతచేస్తూ, పొట్ట, నడుము, తుంటి చుట్టూ ఉన్న కండరాలకు పట్టు తెచ్చే ఈ పద్ధతి మంచిదే. అయితే దీర్ఘకాలిక నడుంనొప్పిపై జరిగిన అధ్యయనాలను 2015లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు, ఏమీ చేయకుండా లేదా నామమాత్రపు చికిత్సతో ఉండటం కంటే పిలాటెస్ మేలు చేస్తుందనీ, ఇతర వ్యాయామాల కంటే గొప్పదనడానికి మాత్రం గట్టి ఆధారం లేదనీ తేలింది. అంటే రోగికి మేలు జరిగేది వ్యాయామం పేరును బట్టి కాదు, ఎవరికి ఏది, ఎంత, ఎప్పుడు చేయించాలో తెలిసిన మనిషిని బట్టి.

ఒక ఉదాహరణ చూడండి. వెల్లకిలా పడుకుని, చేతులు ముందుకు చాచి, వెన్నును ఒక్కొక్క పూస చొప్పున వంచుతూ లేచి కూర్చునే రోల్ అప్ అనే వ్యాయామం పిలాటెస్‌లో మొదట్లోనే నేర్పుతారు. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల యువతికి అది చక్కగా సరిపోతుంది. ఎముకలు గుల్లబారిన నాయనమ్మ చేత అదే చేయిస్తే వెన్నుపూస నలిగి విరిగే ప్రమాదం ఉంది. నడుంనొప్పితో పాటు మూత్రం అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అది చాప పరిచి వ్యాయామం చేయించే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి పంపవలసిన అత్యవసరం. పైగా మన జిల్లాలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో వెన్ను బిగుసుకుపోవడానికి కండరాల బలహీనత ఒక్కటే కారణమని అనుకోకూడదు. అనుమానించవలసిన చోట అనుమానించి, డాక్టరు దగ్గరకు పంపే చూపు కొన్ని వారాల కోర్సుతో రాదు. శరీర నిర్మాణశాస్త్రం చదివి, ఆసుపత్రి వార్డుల్లో రోగులను పట్టి చూసిన తర్వాతే వస్తుంది.

నొప్పి తగ్గిన తర్వాతే పిలాటెస్ అసలు విలువ కనిపిస్తుంది. మామూలుగా ఫిజియోథెరపీ కొన్ని విడతలతో ముగుస్తుంది, రోగి ఇంటికి వెళ్లి పాత పద్ధతిలోనే వంగుతాడు, కొన్నాళ్లకు నొప్పి తిరగబెడుతుంది. రోజంతా నడుం వంచి వేరుశనగ చెట్లు పీకే కూలి తల్లికి నడుం బదులు తుంటి దగ్గర వంగడం, బరువెత్తే ముందు శ్వాస వదులుతూ పొట్టను బిగించడం, పనికి ముందు పడుకుని మోకాళ్లు మడిచి తుంటిని పైకెత్తే బ్రిడ్జ్ వ్యాయామం నాలుగైదు సార్లు చేయడం అలవాటు చేస్తే, ఆమె మరెన్నో ఏళ్లు పని చేసుకోగలదు. దీనికి స్ప్రింగులతో పనిచేసే రిఫార్మర్ యంత్రం అవసరం లేదు, నేల మీద ఒక చాప చాలు. రెండు విద్యలూ తెలిసినవారు మన ప్రాంతంలో ఇంకా ఎక్కువమంది కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక చదువు విషయం. ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీపీటీకి నాలుగున్నర నుంచి ఐదేళ్లు పడుతుంది. మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశాల నోటిఫికేషన్ ఇస్తుంది. నిబంధనలు మారుతుంటాయి కనుక ఈ ఏడాదిది స్వయంగా చదవండి, చేరబోయే కళాశాలకు అనుబంధ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టక ముందే తేల్చుకోండి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టులను ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించింది. పిలాటెస్ ట్రైనర్ సర్టిఫికెట్‌కు అలాంటి గుర్తింపు లేదు. పిలాటెస్ అనే పేరు ఎవరి సొత్తూ కాదని అమెరికా కోర్టు 2000లోనే తేల్చింది. ఇక్కడా వారాంతపు తరగతి నడిపేవారు, వందల గంటల శిక్షణ ఇచ్చేవారు అదే పేరు పెట్టుకుంటున్నారు.

కాబట్టి బీపీటీ పూర్తయ్యేదాకా పిలాటెస్‌ను ఆమె తన ఒంటి మీదే సాధన చేయాలి. నేర్పే కోర్సులో ఇంటర్న్‌షిప్ అయ్యాక చేరవచ్చు. అప్పుడు చాప మీద చేసే భాగంతో మొదలుపెడితే ఖర్చు తక్కువ. కోర్సువారిని మూడు మాటలు అడగండి: స్వయంగా సాధన చేసే గంటలెన్ని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఇతరులకు నేర్పే గంటలెన్ని, పరీక్ష ఎవరు పెడతారు? సూటిగా చెప్పలేని చోట డబ్బు కట్టవద్దు. ఆపై క్రీడల వైపు మొగ్గితే రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ)లో ఆ విభాగం ఎంచుకోవచ్చు.

ఇవన్నీ విన్నాక కూడా ఆమె ట్రైనర్‌గానే స్థిరపడతానంటే అడ్డుచెప్పకండి, అదీ గౌరవమైన పనే. ఆరోగ్యంగా ఉన్నవారికి మాత్రమే నేర్పాలని, నొప్పి ఉందన్నవారిని ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపాలని చెప్పండి. నిర్ణయానికి ముందు మాత్రం అనుమతి తీసుకుని, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో కొన్ని ఉదయాలు కూర్చుని చూడమనండి.