అరుగుదలను ఫోటో తీయడం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఇంట్లో ఎవరూ పట్టించుకోని వస్తువులను ఫోటోలు తీస్తుంటే అన్నీ అమ్మకానికి పెట్టిన సామానులా వస్తున్నాయని రాశావు. అది కెమెరా లోపం కాదమ్మా. వస్తువు పేరు కనిపిస్తోంది, దాని వాడకం కనిపించడం లేదు. చెక్క గరిటె కొన ఒక పక్కకే అరుగుతుంది, ఎందుకంటే దాన్ని పట్టిన చెయ్యి ఏళ్ల తరబడి గిన్నె అడుగును ఒకే వాలులో గీకింది. నువ్వు తీయాల్సింది ఆ వాలును.

అందుకే ముందు వస్తువును చేతిలోకి తీసుకో. వేళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఏ అంచు నున్నబడింది, రంగు ఎక్కడ లేచిపోయింది, ఎవరైనా తీగ చుట్టి బాగుచేశారా, అన్నీ తిప్పి చూసి ఒక్క వాక్యం కాగితం మీద రాసుకో. రాయడానికేమీ దొరక్కపోతే వేరే వస్తువు చూసుకో. కడగడం మాత్రం వద్దు. తలుపు గడియ చుట్టూ ఉన్న జిడ్డు మరకను తుడిచేస్తే ఇనుపముక్కే మిగులుతుంది. నిన్న పడ్డ దుమ్మును, నూలుపోగును ఊదెయ్యి. దగ్గర్నుంచి తీసినప్పుడు చూపు వాటి మీదకే పోతుంది.

ఎక్కువ ఫోటోలు చెడేది వెలుతురు దగ్గరే. గదిలో దీపాలు, ఫ్లాష్ ఆపేసి ఒక్క కిటికీనే నమ్ముకో. వస్తువును కిటికీకి మీటరు దూరంలో, వెలుతురు పక్కనుంచి దాని ఒంటిని రాసుకుంటూ పోయేలా పెట్టు. గీతలూ సొట్టలూ కనిపించేది వాటి చిన్న చిన్న నీడల వల్లే. ఎదురుగా కొట్టే ఫ్లాష్ ఆ నీడల్ని చెరిపేస్తుంది. చీకటి వైపు మరీ నల్లబడితే అటుపక్క జానెడు దూరంలో తెల్ల కాగితం నిలబెట్టు. చెంచా, తాళంచెవి లాంటి మెరిసే లోహంలో నీ ముఖమే కనిపిస్తుంది. అప్పుడు కిటికీకి పల్చని తెల్లగుడ్డ కట్టి, నల్ల అట్టకు కంత చేసి అందులోంచి తియ్యి.

ఫోనును వస్తువు మీదికి తోస్తే ముందు అంచు ఉబ్బి వెనకది కుంచించుకుపోతుంది. అర మీటరు వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడు. అరిగిన చోట వేలు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తెల్లటి టీ కప్పు అయితే ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) కాస్త పెంచు, లేకపోతే బూడిదరంగులోకి దిగుతుంది. నల్ల పెనమైతే తగ్గించు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాతో, 50 ఎం.ఎం. లెన్స్‌తో అర మీటరు నుంచి తీస్తే లెన్స్ రంధ్రం బాగా తెరుచుకునే ఎఫ్/2.8 దగ్గర స్పష్టంగా వచ్చేది ఒకటిన్నర సెంటీమీటరు లోతు మాత్రమే. రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/8కి వెళ్తే నాలుగు సెంటీమీటర్ల దాకా వస్తుంది. కానీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, కనుక కెమెరా కదలకుండా ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ తప్పవు.

ఎంత ఎత్తు నుంచి చూస్తున్నావన్నది కూడా అర్థాన్ని మారుస్తుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ పిల్లల మూడు చక్రాల సైకిల్‌ను దాదాపు నేల మీంచి తీశాడు. వెనకున్న ఇల్లు దాని ముందు చిన్నదైపోయింది. 1955లో మరో అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ పనిముట్లను ఏ అలంకారమూ లేని నేపథ్యం మీద తీశాడు, ఆకారం తప్ప చూడ్డానికి మరొకటి లేకుండా. 1928లో హంగరీలో పుట్టిన ఫోటోగ్రాఫర్ ఆంద్రే కెర్టెస్ పళ్లెం అంచున ఆనించిన ఫోర్కును తీసినప్పుడు నీడకు కూడా వస్తువుతో సమానంగా చోటిచ్చాడు. ఈ మూడు పద్ధతుల్నీ ఒకే వస్తువు మీద ప్రయత్నించు. పక్కన పువ్వో పాత పుస్తకమో పెట్టాలనిపిస్తుంది, పెట్టకు. అది అరువు తెచ్చిన భావం. నలుపు తెలుపులోకి మార్చడం కూడా చాలాసార్లు అలాంటిదే. తుప్పు మరకకు రంగే ప్రాణం.

ఒక్కో వస్తువుకు పది పదిహేను తీసి, అరచేతి సైజులో ప్రింట్లు వేయించి, వారం తర్వాత ఒకటి ఎంచుకో. దాన్ని ఏ వివరమూ చెప్పకుండా ఎవరికైనా చూపించు. "గరిటె" అని ఊరుకుంటే మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురు కోణం మార్చు. "ఎవరు వాడేవాళ్లు?" అని అడిగితే ఆ ప్రింటు నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య